సోదా కాగితం

"కాగితం చూపించండి, తలుపు తీస్తాను," అంది ఆమె గొలుసు సందులోంచి.

బయట నిలబడ్డ ఇన్‌స్పెక్టరు తెల్లబోయాడు. వెనకాల ఉన్న కానిస్టేబులు తుపాకీని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఏం కాగితం?"

"ఇల్లు సోదా చెయ్యడానికి మేజిస్ట్రేటుగారు ఇచ్చే ఉత్తర్వు."

"నిన్న రైల్వే స్టేషన్లో బాంబు పేలి పంతొమ్మిదిమంది పోయారు. పెట్టినవాడు ఈ చుట్టుపక్కలే ఎక్కడో నక్కాడు. ఊరంతా వణికిపోతుంటే నీకు కాగితం కావాల్సొచ్చిందా?"

"నన్ను 'నువ్వు' అనకండి. నేను కోర్టులో టైపిస్టుని. ఆ ఉత్తర్వులు కొట్టేది నేనే. అర పేజీ. పది నిమిషాల పని. అది కూడా చెయ్యలేకపోయారా?"

"ఎవరే?" అని లోపల గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"పోలీసులు, అత్తయ్యా."

"నా వీపు మీద సబ్బు ఆరిపోతోంది. తర్వాత రమ్మను."

ఆమె మళ్ళీ సందులోంచి చూసింది. "విన్నారుగా. ఆవిడ మంచం మీంచి లేవలేని మనిషి. ఒళ్ళు తుడుస్తున్నాను. ఒంటిమీద నూలుపోగు లేదు."

"ఓ దుప్పటి కప్పెయ్. రెండు నిమిషాల్లో చూసుకుని పోతాం."

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఆవిడ మనిషండీ. పెట్టె కాదు, మూత వేసి పక్కకి జరపడానికి."

ఈ గొడవకి కింది వాటాలో ఉండే లాండ్రీ ఆయన మెట్లెక్కి వచ్చాడు. నిన్న స్టేషన్లో ఆయన భార్య కూడా ఉంది. మోకాలి కింద కాలు తీసేశారు. కర్ఫ్యూ పెట్టడంతో ఆయనకి ఆస్పత్రికి వెళ్ళే దారి కూడా లేదు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏంటమ్మాయ్ ఈ మొండితనం? నా ఇల్లు చూశారు. బీరువా చూశారు. పిండి డబ్బాలో కూడా చెయ్యి పెట్టారు. నేనేమన్నా అరిగిపోయానా?"

"బాబాయిగారూ, మీ ఇల్లు మీ ఇష్టం."

"మీ పిన్నికి కాలు పోయిందే! నీ కాగితం దాన్ని మళ్ళీ అతికిస్తుందా?"

ఆమె మోచెయ్యి తడుముకుంది. నిన్న పిన్నికి రక్తం ఇచ్చింది ఆమే. సూది గుచ్చిన చోట మోచేతి దగ్గర ఇంకా కమిలి ఉంది.

"అతికించదు. వాణ్ణి పట్టుకోవాలని నాకు మాత్రం లేదా?" అంది. "ఇవాళ భయమేసిందని అడిగినవాడికల్లా తలుపు తీస్తే, రేపు ఏ భయం లేకపోయినా తియ్యమంటారు. అప్పుడు కాగితం అడగడానికి మనకి నోరుండదు."

"దాచుకునేది ఏమీ లేకపోతే అంత బెదురెందుకో!" అని పై అంతస్తు నుంచి ఒకావిడ అంది. "మనందరి ప్రాణాల మీదికీ తెచ్చేట్టుంది," అన్నాడు ఇంకెవరో. ఎవరో గట్టిగానే "దేశద్రోహి" అన్నారు. పదేళ్ళుగా ఒకే మెట్ల మీద ఎదురుపడి, మంచీ చెడూ మాట్లాడుకున్న మనుషులు వాళ్ళు.

ఇన్‌స్పెక్టరు ఆమెని ఎగాదిగా చూసి కానిస్టేబుల్తో అన్నాడు, "ఈ ఇంటి నంబరు రాసుకో. మళ్ళీ వద్దాం. కాగితంతోనే వద్దాం." తర్వాత లాండ్రీ ఆయన వైపు తిరిగాడు. "పెద్దాయనా, కింద వ్యాను మీదేనా? మా జీపు కనిపిస్తే వాడు జారుకుంటాడు. మామూలు బండిలో తిరిగితే మేలు."

"అంతకంటేనా సార్! ఆ వెధవ దొరకాలేగానీ బండి మీరే ఉంచుకోండి." తాళాలు రెండు చేతుల్తో అందించాడు.

"రసీదు తీసుకోండి, బాబాయిగారూ," అంది ఆమె.

ఆయన ఆమెని కొరికేసేలా చూసి, వాళ్ళకి దారి చూపిస్తూ మెట్లు దిగిపోయాడు.

తలుపు వేసి, ఆమె అత్తగారి దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ వేణ్ణీళ్ళు కాచి, వీపు మీద ఎండిన సబ్బు తుడిచింది. చీర కట్టింది.

"తియ్యలేదుగా?" అంది అత్తగారు.

"లేదు."

"మంచి పని చేశావు. నాకూ సిగ్గుంటుందని ఒక్కదానివైనా గుర్తుపెట్టుకున్నావు."

మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ తలుపు చప్పుడైంది. ఈసారి వేరే ఆఫీసరు. పక్కన ఒక ఆడ కానిస్టేబులు. ఆమె నోరు విప్పేలోపే గొలుసు సందులోంచి ఒక కాగితం లోపలికి వచ్చింది.

కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. ఇంటి నంబరు, తేదీ, మేజిస్ట్రేటుగారి సంతకం, కోర్టు ముద్ర. సరిగ్గా అర పేజీ.

"ఇంటికొకటి తెచ్చామమ్మా. టైపు చేసేవాళ్ళు దొరక్క ఇంత ఆలస్యమైంది," అన్నాడు ఆఫీసరు.

ఆమె గొలుసు తీసింది. అత్తగారి గదిలోకి ఆడ కానిస్టేబులు ఒక్కతే, అడిగి మరీ వెళ్ళింది. అంతా కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు విని లాండ్రీ ఆయన పైకి వచ్చాడు. "కాగితం వచ్చిందిగా? ఇక నీ ముచ్చట తీరిందా తల్లీ?" అన్నాడు ఎత్తిపొడుస్తూ.

ఆమె కాగితం మడిచి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

ఆఫీసరు జేబులోంచి ఒక ఫోటో తీశాడు. "స్టేషను కెమెరాలో దొరికింది. బాంబు పెట్టింది వీడే. ఇప్పుడే మా చేతికొచ్చింది. ఎక్కడైనా చూశారేమో చెప్పండి."

ఆమె కళ్ళజోడు కోసం బల్ల వైపు తిరిగేలోగా లాండ్రీ ఆయన ఆ ఫోటో అందుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇదేంటి సార్," అన్నాడు అయోమయంగా, "పొరపాట్న పొద్దున వచ్చిన మీ ఇన్‌స్పెక్టరుగారి ఫోటో ఇచ్చినట్టున్నారు?"