మిగిలిన నాలుగు వరసలు

ముసలాయన వాకిట్లో మోకాళ్ల మీద కూచుని రాళ్లు పీకుతున్నాడు.

పట్టపగలు, గేటు బార్లా తీసిపెట్టి మరీ.

తలనొప్పని బడి నుంచి ముందే వచ్చేసిన టీచరమ్మకి అది చూసేసరికి ఒళ్లు మండిపోయింది. ఆ సిమెంటు రాళ్లు వేయించి నెల కూడా కాలేదు.

వేయించిందే అమ్మ చక్రాల కుర్చీ కోసం. పక్షవాతంతో కాళ్లు పడిపోయిన అమ్మని వారం వారం ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గతుకుల మట్టి వాకిట్లో గుమ్మం నుంచి గేటు దాకా ఆ కుర్చీ తోసేసరికి కూతురి ప్రాణం పోయేది. కాంట్రాక్టరొకడు వచ్చి అందరికంటే తక్కువలో, నాలుగు రోజుల్లో చేసిపెడతానంటే ఎగిరి గంతేసింది. ఆ మహానుభావుడు మూడో రోజుకే పైపైన పరిచేసి చేతులు దులుపుకుని పోయాడు.

అమ్మ నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది.

"నువ్వు బడికెళ్లాక ఒకాయన వచ్చి రాళ్లు సరిచేస్తున్నాడే. గుక్కెడు నీళ్లు కూడా అడగడు, పాపం."

మందుల మత్తులో ఏదో అంటోందిలే అని కూతురు చెవిన పెట్టలేదు. గుమ్మం ముందు రోజూ ఇసుక కనబడుతుంటే ఊడ్చే మనిషిని కేకలేసింది.

ఇప్పుడు ఎదురుగా మనిషే ఉన్నాడు. ఎవరు పంపారని నిలదీసింది.

"ఎవరూ పంపలేదమ్మా. కింద కంకర పొయ్యలేదు, దిమ్మిస కొట్టలేదు. గట్టి వాన పడితే కుంగిపోతుంది. వాకిలంతా నా వల్ల కాదు. అమ్మగారి కుర్చీ వెళ్లే దారి మటుకు బాగుచేస్తున్నా. ఇంక నాలుగు వరసలే."

డబ్బులెవరిస్తారని అడిగింది. ఎవరూ ఇవ్వక్కర్లేదన్నాడు.

కొంప అక్కడే మునిగింది. ఊరికే పని చేసిపెట్టే మనిషిని టీచరమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పైగా కిందటి నెలలోనే వీధిలో మురికికాలవల మూతలు పోయాయి. గేటు పక్కన పేర్చిన రాళ్లు ఎందుకో ఆమెకి అర్థమైపోయినట్టే ఉంది.

"ఆ కాంట్రాక్టరు మనిషివా?"

ఆయన తల దించుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పలేదు.

దొంగ, దొంగ అని ఆమె కేకలు పెట్టింది. పక్కింట్లోంచి రిటైరైన హెడ్డు కానిస్టేబులు లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. ఉద్యోగం పోయినా చేతి దురద పోలేదేమో, ముసలాయన కుడిచెయ్యి పట్టుకుని వెనక్కి మెలిపెట్టాడు. ఏదో టక్కుమంది.

"వదిలెయ్యి నాయనా, ఆయన్ని వదిలెయ్యి" అని కిటికీలోంచి అమ్మ మొత్తుకుంటూనే ఉంది. ఆమె మాట ఎవరికి కావాలి.

ముసలాయన విరిగిన చెయ్యి రెండో చేత్తో పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"నా సుత్తి ఇప్పించండమ్మా. పని మిగిలిపోయింది."

రబ్బరు సుత్తి. పిడికి పాత సైకిలు ట్యూబు చుట్టి ఉంది. పోలీసులకిస్తాను, అక్కడికెళ్లి అడుక్కోమంది టీచరమ్మ. తీసిన రాళ్లు తనే మళ్లీ పెట్టి కాలితో తొక్కింది. సుత్తిని అటక మీద పడేసి మర్చిపోయింది.

పది రోజులకి వాన మొదలైంది. మూడు రోజులు విడవకుండా కురిసింది.

నాలుగో రోజు ఆస్పత్రికి వెళ్లాలి. తలుపు తీసి చూస్తే వాకిలి వాకిలిలా లేదు. ఎక్కడికక్కడ కుంగిపోయి, రాళ్లు పైకి లేచి, గేటు దగ్గర మడుగు కట్టింది. గుమ్మం నుంచి కుర్చీ వెడల్పు దారి మటుకు చెక్కుచెదరలేదు. టైమవుతోందన్న తొందరలో ఆమె అదేమిటా అని కూడా ఆలోచించలేదు. దాని మీదుగా కుర్చీ తోసింది. చక్రాలు హాయిగా కదిలాయి.

"చూశావుటే, ఆయన చేసినంత మేరా..." అంటోంది అమ్మ.

మడుగు కింద ఏముందో కనబడలేదు. ముందు చక్రం ధబాలున దిగబడింది. అమ్మ ముందుకి పడింది. తల గేటు ఇనప చువ్వకి తగిలింది.

మూడో రోజున పోయింది.

అన్నీ అయిపోయి, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, టీచరమ్మ వాకిట్లో కూలబడింది. నిలబడ్డ దారిలోంచి ఒక రాయి పెకలించింది. ఎంతకీ ఊడిరాలేదు. వచ్చాక చూస్తే కింద కంకర, దిమ్మిస కొట్టిన గట్టి నేల. పక్క రాయి తీస్తే ఉత్త బురద. గేటు దగ్గర కుంగిన వరసలు లెక్కపెట్టింది. నాలుగు.

ఆమెకి ఏడుపు కూడా రాలేదు.

కాంట్రాక్టరు దగ్గర పనిచేసే కూలీ ఎవడో మనసొప్పక వచ్చుంటాడనుకుంది. కాంట్రాక్టరు మొహాన ఉమ్మెయ్యాలి. ఆ కూలీ ఎక్కడుంటాడో కనుక్కుని కాళ్ల మీద పడాలి. అటక మీంచి సుత్తి తీసుకుని బయల్దేరింది.

కాంట్రాక్టరు ఇంట్లో అతని పెళ్లాం తలుపు తీసింది. పని చేయించుకున్నవాళ్లకి మొహం చాటేసి మనిషి ఇల్లు వదిలి నెల దాటిందని, తనకేమీ తెలియదని, ఆమె పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోతోంది.

చెబుతూ చెబుతూ సుత్తి వైపు చూసి ఆగిపోయింది. రెండు చేతులతో అందుకుని, ట్యూబు చుట్టిన పిడిని వేలితో తడిమింది.

"మీకెక్కడ దొరికిందండీ ఇది?"

ఇదెవరిదని అడిగింది టీచరమ్మ.

"మా మామగారిది... కొడుకు పాడుచేసిన వాకిళ్లన్నీ తన చేత్తోనే బాగుచేస్తానని బయల్దేరారు, చెయ్యి విరిగి మంచాన పడ్డాక కూడా, ఆ కుర్చీ పెద్దావిడ ఇంటి ముందు నాలుగు వరసలు మిగిలిపోయాయి, నా సుత్తి తెచ్చిపెట్టండర్రా అని మొన్న పోయేదాకా అడుగుతూనే ఉన్నారండీ."