పెద్దలకు వందనం

చెల్లీ, నా రాత వంకర, తప్పులూ ఉంటాయి, ఏమనుకోకు.

కంగారూలు దూరుతున్నాయని అమ్మ సమాధి ఉన్న చోట గేటుకు ఊరి కౌన్సిల్ తాళం వేసింది. తాళంచెవి అడుగుదామని మీటింగుకు వెళ్ళాను. కుర్చీ దొరక్క తలుపు దగ్గర నిలబడ్డాను.

ప్రతి మీటింగు మొదట్లో చేసినట్టే అధ్యక్షురాలు హార్టిగన్ లేచి, "ఈ నేల ఆదివాసీ పెద్దలకు వందనం" అని చదివింది.

"ఈ నాటకాలు ఎవరికోసమమ్మా?" అన్నాడు కౌన్సిల్ సభ్యుడు ప్రూయెట్.

"నోరు అదుపులో పెట్టుకోవయ్యా!"

గంటసేపు అదే గోల. నేను చెయ్యెత్తాను.

"ఆగు తాతా, పెద్దల గౌరవం గురించి మాట్లాడుతున్నాం" అని ఇద్దరూ ఒక్కసారే కసిరారు.

చివరికి వందనం రెండుసార్లు చదవాలని తీర్మానించి ఇళ్ళకు పోయారు.

ఆ గదిలో మన ఆదివాసీ పెద్దను నేనొక్కణ్ణే.

కంగారూలు కంచె దూకే వెళ్తున్నాయి. మనమూ దూకుదాం. ఎప్పుడొస్తావో వెంటనే రాయి.