పాషా పళ్లు

“అన్నీ పీకేయాలా డాక్టర్? ముందరివి రెండైనా ఉంచండి. ఆవులిస్తే అందంగా ఉంటాడు.”

మంగలి జెవ్‌దెత్ మాటకి డాక్టర్ ఫీగెన్ నవ్వలేదు. ఇస్తాంబుల్‌లో పిల్లుల డాక్టరుకు ఇలాంటి బేరాలు అలవాటే. అతని కొట్లో క్షవరం కుర్చీలో కూర్చోబెట్టిన పిల్లి నోరు మరోసారి తెరిచి చూసి, వదిలేసింది. అది ఒక్క దూకుతో సందులోకి మాయమైంది.

“చిగుళ్లన్నీ పుండ్లు. ముద్ద కొరకడం, అరిచి పారిపోవడం. ఇలాగే వదిలేస్తే ఆకలితో పోతాడు. పళ్లు తీసేస్తే మెత్తటి తిండి తిని హాయిగా బతుకుతాడు.”

“మత్తులోంచి లేస్తాడా?”

“వయసైంది కదా. లేస్తాడనే నా ఆశ. రేపు బుట్టలో పెట్టి తీసుకురండి.”

జెవ్‌దెత్ తన చేతులు చూసుకున్నాడు.

“నా వల్ల కాదండి. జనం గొంతుల మీద కత్తి ఆడిస్తాను, చెయ్యి వణకదని సందంతా మెచ్చుకుంటారు. పాషాని బుట్టలో పెట్టాలంటే మాత్రం ఇదిగో, ఇలా వణుకుతుంది. నా దవడపన్ను పుచ్చి రెండేళ్లయినా ఎవరికీ చూపించని మొనగాణ్ణి!”

“సరే, నేనే వచ్చి పట్టుకెళ్తాను. మీరు సాయంత్రం రండి.”

మర్నాడు జెవ్‌దెత్ ఒకాయన మీసం ఓ పక్క ఎక్కువ కత్తిరించాడు. రెండో పక్క సరిచేయబోయి మీసమే లేకుండా చేశాడు. ఇక లాభం లేదని కొట్టు మూసి, ఆసుపత్రికి పరిగెత్తాడు.

బెంచీ మీద రిటైరైన టీచరు ముఅల్లా చేతిరుమాలు మెలితిప్పుతూ కూర్చుంది.

“మీకూ పిల్లేనా టీచరుగారూ?”

“మా నాజ్‌లీ. దానికీ పళ్లే తీస్తున్నారు, డాక్టరే చెప్పింది. మహా సుకుమారమయ్యా, పెరుగు తప్ప ముట్టదు. నేను చదువుతుంటే ఒళ్లో కూర్చుని వింటుంది.”

“మా పాషా మగధీరుడు. నా చేత్తో మాంసం పెడితేనే తింటాడు. పరాయి గుమ్మం తొక్కడు.”

“అయితే ఇందాక లోపల బొంగురుగా అరిచింది మీ వాడే. మా నాజ్‌లీది సన్నటి గొంతు.”

ఇంతలో చేపలమ్మే రాసిమ్ రొప్పుతూ వచ్చాడు. “మావాడి పళ్లు తీయడం అయిందా ఉస్తా?” అన్నాడు, పనిమంతుడని జెవ్‌దెత్‌ని సందంతా పిలిచే పిలుపుతో.

“నీకు పిల్లేమిట్రా? చీపురు పట్టుకుని తరుముతావుగా!”

“అన్నింటినీ తరుముతాను. మా కోర్సాన్ సంగతి వేరు. వాడు పుట్టుదొంగ. మొన్న చేప ముందే పెట్టినా వాసన చూసి వెళ్లిపోయాడు ఉస్తా. దొంగతనం మానేశాడంటే నాకు ఏడుపాగలేదు.”

“సందంతా పాకుతున్నట్టుంది ఈ పళ్ల జబ్బు!” అంది ముఅల్లా.

లోపల అరుపులు ఆగిపోయాయి. ఎంతసేపైనా తలుపు తెరుచుకోలేదు.

జెవ్‌దెత్ కళ్లు మూసుకున్నాడు. ‘దేవుడా, ఒకదాన్ని తీసుకెళ్లక తప్పదంటే, పాషా జోలికి రాకు. ఆ చేపల దొంగని పట్టుకుపో.’

కళ్లు తెరిస్తే పక్కనే రాసిమ్ చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటున్నాడు. ‘ఛీ! నా అంత నీచుణ్ణి దేవుడు కూడా చూసి ఉండడు’ అనుకుని, జెవ్‌దెత్ తల దించుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఫీగెన్ తువ్వాల్లో చుట్టిన పిల్లిని ఎత్తుకుని బయటికి వచ్చింది. నాలుక ఓ పక్కకి వేలాడుతోంది. కళ్లు సగం తెరుచుకున్నాయి.

“గండం గడిచింది. ఇవాళ లోపలున్నది వీడొక్కడే” అందామె.

ముగ్గురూ ఒకేసారి చేతులు చాచారు.