ముత్యాలయ్య పొట్టలో గాలి

"ఏందిరా మస్తానూ, మా ఇంటికేసి అట్టా మెడ సాచి చూస్తుండావు? మా మహాలక్ష్మి నీ వల్లో పడే చేపనుకున్నావా? మొగోడివైతే నన్ను తన్ని తీసకపోరా అబ్బయా!"

వలలు బాగుచేసుకుంటున్న రేవంతా గొల్లున నవ్వింది. ముత్యాలయ్య నోటికి జడవనివాడు ఆ ఊళ్లో లేడు. మస్తాన్ మాత్రం చేతిలో తెడ్డు పారేసి, ఎగిరి అతని పొట్టలో తన్నాడు. ముత్యాలయ్య ఇసకలో దొర్లాడు. లేవబోతే ఇంకో తన్ను.

"చంపేస్తుండాడ్రా!"

జనం మీదపడి అదే తెడ్డుతో మస్తాన్‌ను చితకబాదారు. పళ్లు రాలాయి. నెత్తురు ఇసకలో ఇంకింది.

నెల్లూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి కుర్ర డాక్టరు కంగారుపడ్డాడు. "పేగు పగిలి పొట్టంతా గాలి చేరింది. వెంటనే కొయ్యాలి."

ముత్యాలయ్య లోలోపల నవ్వుకున్నాడు. అతని పేగు గోడలో గాలి బుడగలున్నాయి. నూటికో కోటికో ఒకరికి వచ్చే జబ్బు. అవి చిట్లితే పేగు పగిలినట్టే కనబడుతుంది గాని ప్రాణానికేం కాదని పోయినేడు చెన్నైలో చెప్పారు. ఆ సంగతి అతను ఇల్లు దాటనివ్వలేదు. ఇలాంటి తన్ను కోసమే ఇన్నాళ్లూ మస్తాన్‌ను గిల్లుతున్నాడు. వాడి పీడ విరగడైతే కూతురు మహాలక్ష్మికి ముత్తుకూరు థర్మల్‌ కేంద్రం ఉద్యోగి సంబంధం ఖాయం.

"కోతకు ముందే తీర్పు చెప్పు కాపూ," అని మూలిగాడు. "నేను పోతే నా ఉసురు ఊరికి తగలతది."

ఊరిపెద్ద కాపు ఆసుపత్రి వరండాలోనే కట్టుబాటు ప్రకటించాడు. "మస్తాన్‌ను వెలేసినాం. వాడిని తాకగూడదు, పలకరించగూడదు, వాడి వెంట పోగూడదు. గంగమ్మ జాతరదాకా ఈ మాట తిరగదు."

అంతకుముందు లేచిపోయిన ఓ జంటను నాయుడుపేట నుంచి తాళ్లతో కట్టి ఈడ్చుకొచ్చిన ఊరది. మాటంటే మాటే.

కట్టు కట్టించుకోడానికి అదే ఆసుపత్రికి బండి మీద వచ్చిన మస్తాన్, పగిలిన మూతితో కుంటుకుంటూ మెట్లు దిగాడు.

"డాక్టరుబాబూ, కత్తి దాచుకో!" ముత్యాలయ్య లేచి కూర్చుని పకపకా నవ్వాడు. "పేగేం పగల్లా. పాత బుడగలు. కావాలంటే స్కాన్ తీసి చూసుకో."

కాపు నోరు తెరిచాడు. "ఎంత పని చేసినావయ్యా!"

"ఇంక నువ్వు తీర్పు మార్చలేవుగా!"

అంటూ కిటికీలోంచి చూసిన ముత్యాలయ్య నవ్వు ఆగిపోయింది. కింద గేటు దగ్గర, మస్తాన్ బండి మీద, వాడి వెనక మహాలక్ష్మి.

"పట్టుకోండ్రా! వాడి కాళ్లిరగ్గొట్టండ్రా!" చేతి సూది పీకేసుకుని, నెత్తురోడుతూ గేటుదాకా ఉరికాడు. అక్కడున్న ఊరోళ్లు ఒక్కరూ కదల్లేదు.

"వెలేసినోడి వెంట పోతే మాకూ వెలే," అన్నాడు వెనకే దిగొచ్చిన కాపు.

బండి కదిలింది. మహాలక్ష్మి వెనక్కి తిరిగింది.

"నీ బుడగల సంగతి చెప్పి, మస్తాన్ బావను తన్నమన్నది నేనే నాయనా!"