లిఫ్టులోంచి దింపిన మనిషి

ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకుంటుండగా ఒకాయన గబగబా లోపలికి దూరాడు. చేతిలో మూత బిగించిన డబ్బా.

"ఏముందండీ అందులో?" అడిగాడు అప్పటికే లోపలున్న లాండ్రీ యజమాని. ఆరా తీయనిదే ఆయనకు తోచదు.

"మలమండీ. ల్యాబ్‌కి ఇవ్వాలి."

లాండ్రీ యజమాని గోడకు అతుక్కుపోయాడు. జబ్బుతో చిక్కి సగమైనా, మడత నలగని తెల్లచొక్కా లేనిదే గడప దాటడాయన.

"ఛీ ఛీ! పదిమంది ఎక్కే లిఫ్టులోకా తెచ్చేది? దిగవయ్యా!"

"ఆలస్యమైతే పాడైపోతుందండీ..."

"దిగమన్నానా!"

ఆయన డబ్బా పట్టుకుని దిగిపోయాడు.

పైన డాక్టరు మంచి కబురు చెప్పాడు. పేగులో క్యాన్సర్ గడ్డ సగానికి తగ్గింది.

"ఇంజెక్షన్లు ఎన్ని చేసినా కదలని గడ్డ, క్యాప్సూల్స్ మొదలెట్టాకే కదిలింది. వాటిలోని మంచి సూక్ష్మజీవులు మీ పేగులో కొన్ని పదార్థాలు తయారుచేస్తున్నాయి. వాటివల్ల మీ ఒంట్లో రక్షణ కణాలు నిద్ర లేచి గడ్డ మీద పడుతున్నాయి."

"కంపెనీ ఏదో గట్టిదే అన్నమాట!" మురిసిపోయాడు లాండ్రీ యజమాని.

వెళ్తూ వెళ్తూ వాచ్‌మన్‌ని కూడా దులిపేశాడు. "ఆ డబ్బావాణ్ణి మళ్ళీ రానిచ్చావో, నీ సంగతి చూస్తా!"

మళ్ళీ వచ్చేసరికి డాక్టరు మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"క్యాప్సూల్స్ అయిపోయాయండీ. డోనరు రావడం మానేశారు."

"డోనరేమిటి? కంపెనీ కాదా?"

"భలేవారే! ఆ సూక్ష్మజీవుల్ని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలంలోంచి తీస్తాం. మొదటిరోజే చెప్పాను కదా, మీరు వింటేగా! ఇద్దరు ముగ్గురివి వాడి చూశాం. మీకు పనిచేసింది ఈయనదొక్కటే."

లాండ్రీ యజమానికి లిఫ్టులోని డబ్బా గుర్తొచ్చింది.

"ఎందుకు... మానేశాడు?"

"ఎవరో లిఫ్టులోంచి దింపేశారట. గేటు దగ్గరా ఆపేశారట. ఎంత బతిమాలినా, 'జబ్బుమనుషుల్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదండీ' అనేశారు."

"నేనెళ్ళి కాళ్ళు పట్టుకుంటా. ఎక్కడుంటాడో చెప్పండి డాక్టరుగారూ!"

"చెప్పకూడదండీ. అయినా మీరెందుకు పట్టుకోవడం?"

దింపింది తనేనని చెప్పకుండానే లేచి బయటికి నడిచాడు.

సిగ్గుతో చచ్చిపోయాడు లాండ్రీ యజమాని. ఇన్నాళ్ళూ రోజూ కళ్ళకద్దుకుని మింగింది, తను ఛీకొట్టి పంపేసిన ఆ మనిషి పెట్టిన ప్రాణభిక్షనే.