నేల టికెట్టు బహుమతి

1956 మార్చి పదకొండు, ఆదివారం. ఆదోనిలో బస్సెక్కేముందు షాహిదాబీ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తృప్తిగా తిన్నది. కరీం సాబ్ ఒక్క బజ్జీ కూడా ముట్టలేదు. తన పొట్లం కూడా భార్య ముందుకే తోశాడు. ఆమెకు ఆ పొద్దు ఎమ్మిగనూరులో సన్మానం.

అక్కడి డేరా టాకీసులో ఆయన సినిమా మిషను ఆపరేటరు. సినిమాకు వచ్చేది ఎక్కువగా మగ్గాల వాళ్లు. ఆడేవాటిలో సగం హిందీ సినిమాలు, వాళ్లకు ముక్క అర్థం కాదు. అందుకని షాహిదాబీ నేల మీద ఆడవాళ్ల నడుమ కూర్చుని, తెర మీద నుంచి చూపు తిప్పకుండా, ఎవరు ఎవరితో ఏమంటున్నారో తెలుగులో చెప్పేది. మిషను మోతను మించిన గొంతు ఆమెది. హీరోయిన్ ఎందుకు ఏడుస్తున్నదో ఆమె చెప్పాకే నేల టికెట్టు అంతా ఏడ్చేది.

బొంబాయిలో హిందీ సినిమాలకు ఏటా సభ పెట్టి బహుమతులిస్తారని టాకీసు యజమాని నరసప్ప పేపర్లో చదివాడు. మనమెందుకు ఇయ్యగూడదని తానూ ఏటా ఒక సభ మొదలుపెట్టాడు. మేటి సినిమా, మేటి నటుడు, మేటి నటి. తీసుకోవడానికి బొంబాయి నుంచి ఎవరొస్తారు? వాల్‌పోస్టరుకు పూలదండ వేసి చప్పట్లు కొట్టేవాళ్లు. పోయినేడు మేటి నటుడి దండను మేక తినేసింది. ఆయనకు ముట్టినట్టేనని నరసప్ప తేల్చేశాడు.

ఈ ఏడు ఆడవాళ్లు పట్టుబట్టారు. మాకు కథ చెప్పే ఆమెకూ ఒక బహుమతి ఉండాలన్నారు.

డేరా దగ్గరికి చేరగానే హిందీ అయ్యవారు దేవదాసు కరీం సాబ్‌ను పక్కకు పిలిచాడు. సభకు అధ్యక్షుడు ఆయనే. మంచివాడే గానీ తప్పును చూసి ఊరుకోలేడు. మొన్నటి సినిమాకు ఆడవాళ్ల వెనకే కూర్చున్నానన్నాడు. ఆఖరున తెర మీద తల్లి, కొడుకును నా గడప తొక్కొద్దంటుంటే, మీ ఇంటామె మాత్రం అన్నం తిని పో నాయనా అని చెప్పిందన్నాడు. భాష వచ్చి కూడా తప్పు చెబితే బహుమతి ఎట్లా ఇచ్చేదని, సభలో ఆమెనే అడుగుతానని అన్నాడు.

ఆమె చెప్పేవి సినిమాలో మాటలు కావని కరీం సాబ్‌కు మొదటి నుంచీ తెలుసు. ఒక్కనాడూ దిద్దలేదు.

"ఆమెను అడగొద్దు సార్," అన్నాడు. "ఏమున్నా నన్ను అడగండి."

"నువ్వు మిషను రూములో ఉంటివి కదప్పా. సెప్పింది ఆమె."

సభ మొదలైంది. వాల్‌పోస్టర్లకు దండలు పడ్డాయి. షాహిదాబీ పేరు పిలిచారు. ఆమె స్టేజి మీది కుర్చీలోంచి కదల్లేదు. కింద నుంచి కరీం సాబ్ చెయ్యెత్తాక లేచింది.

"మొగుడు సెయ్యెత్తితే గాని లేయదు సూడు," అని ఎవరో అంటే ఆడవాళ్లంతా నవ్వారు.

దేవదాసు ఆమె వెనక ఉన్న మైకు దగ్గరికొచ్చి, ఆ తల్లి ఆఖరున ఏమన్నదని అడిగాడు. షాహిదాబీ నిండుగా నవ్వుతూ జనాన్నే చూస్తున్నది. డేరాలో నవ్వులు ఆగిపోయాయి. ఆయన మళ్లీ అడిగాడు. కరీం సాబ్ ఒక కాలు స్టేజి మీద పెట్టేశాడు.

అప్పుడు నేల టికెట్టులోంచి మగ్గాల లింగమ్మ లేచింది.

"ఆయమ్మ ఏమన్నదో మాకు తెల్దా సార్? మొగం సూసినాం గదా. నోరు పొమ్మనె, కండ్లేమో అన్నం పెట్టె. షాహిదాబీ ఆ కండ్ల మాట సెప్పింది." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకున్నది. "నా కొడుకు అలిగి గోనెగండ్లకు పోయి ఏడాదాయ. నేనూ రావద్దనే అంటిని. ఆ పొద్దు ఆట సూసినాక పోయి పిల్సుకొచ్చుకుంటి. ఈడనే ఉండాడు, సూడండి."

దేవదాసు అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత నరసప్ప చేతిలోని నేత దుప్పటి తానే అందుకుని షాహిదాబీ భుజాల మీద కప్పాడు.

"ఈ ఏటి మేటి కథ," అన్నాడు మైకులో, "షాహిదాబీది."

డేరా గుడ్డ అదిరేటట్టు చప్పట్లు. షాహిదాబీ చప్పట్లు కొడుతున్న జనం చేతులనే చూస్తూ కండ్లనీళ్లు పెట్టుకున్నది. కరీం సాబ్ నడుము నిటారు చేసి నిలబడ్డాడు. బొంబాయిలో ఆ ఏడు బహుమతులు ఎవరికొచ్చాయో ఆయనకు పట్టనే లేదు.

పొద్దుగూకినాక ఆదోనిలో ఇల్లు చేరారు. షాహిదాబీ కొత్త దుప్పటి కప్పుకుని అట్లే నిద్రపోయింది. కరీం సాబ్ ఆమెను కాసేపు చూసి, కీలు కిర్రుమనకుండా తలుపును కాస్త ఎత్తిపట్టి, మెల్లగా మూసి గొళ్లెం పెట్టాడు.

ఆమెకు వినబడడం ఆగిపోయి అప్పటికి ఆరేళ్లు.