సలహాదారు సీట్లో లేరు

శిల్ప చెప్పులు గుమ్మం బయట విడిచి గదిలోకి తొంగిచూసింది.

ఈ రోజూ కుర్చీలో ఎవరూ లేరు.

గోడమీద బోర్డు మాత్రం దర్జాగా వేలాడుతోంది. ‘విద్యార్థి సేవా కేంద్రం. సలహాదారు: రత్నమణి.’

శిల్పకు ఒళ్ళు మండింది. మొదటి సెమినార్‌లో నోరు పెగలక, క్లాసంతా చూస్తుండగా ఏడ్చి దిగిపోయింది. పదిహేను రోజుల్లో రెండోది. ఇదీ పోతే కర్నూలు చదువు చాలించి కోడుమూరు వచ్చేయమని నాన్న తేల్చి చెప్పాడు. సేవా కేంద్రానికి వెళ్తే మాట్లాడటం నేర్పిస్తారని లెక్చరర్ పంపించారు. నేర్పడానికి మనిషంటూ ఉండాలి కదా!

గుమ్మం పక్కన, నేత చీర కట్టుకున్న ఒకామె నీళ్ళ క్యాను ఎత్తి స్టాండు మీద పెడుతోంది. నిన్నా ఈమే ఉంది.

“మేడం ఇయ్యాల గూడా రాలేదా?”

“ఏం పని పాపా?”

“సెమినారుండాది. మాట్లాడేది నేర్చుకోవల్ల.”

“దేని మీద?”

“కొర్ర పైరు మీద.”

ఆమె బెంచీమీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

“కూచో. ఆ కొర్ర సంగతేందో నాకు చెప్పు.”

“నీకు చెప్తే ఏమొస్తాది?”

“చెప్పి చూడు, పోయేదేముండాది?”

శిల్ప విసుగ్గా మొదలుపెట్టింది. నాలుగు మాటలు కాకముందే ఆమె అడ్డం తగిలింది.

“బాష్పోత్సేకమంటే?”

“ఆకుల్లోంచి నీళ్ళు ఆవిరయ్యేది.”

“అట్ల చెప్పు మరి. మీ నాయనకు చెప్పినట్ల చెప్పు. మళ్ళా మొదుట్నించి.”

మర్నాడూ కుర్చీ ఖాళీ. మర్నాడూ అదే బెంచీ, అదే ‘మళ్ళా చెప్పు’.

“గట్టిగా పాపా, మెట్లకాడికి ఇనపడల్ల.”

నాలుగో రోజు ఆమె దారిన పోయే ఇద్దరబ్బాయిలను పిలిచింది. “ఏమప్పా, రాండి. ఈ పాప శానా బాగా చెప్తాంది.”

ఆరో రోజుకు ఎనిమిది మంది పోగయ్యారు.

శిల్పకు తల ప్రాణం తోకకొచ్చింది. సలహాదారు జీతం తీసుకుని ఎక్కడో తిరుగుతుంటే, తనిక్కడ వచ్చేపోయేవాళ్ళకు కొర్రల కథ చెప్పుకోవాలా?

ఆ సాయంత్రమే కాగితం తీసి కసిగా రాసింది. ‘సలహాదారు రత్నమణి ఆరు రోజులుగా సీట్లో లేరు. ఇలాంటి వారు మాకు అక్కరలేదు.’ పేరు, నంబరు వేసి ఫిర్యాదుల పెట్టెలో పడేసింది. మనసు కాస్త చల్లబడింది.

అయినా బెంచీ దగ్గరికి పోవడం మానలేదు. వేరే దిక్కేది?

సెమినార్ రోజు శిల్ప క్లాసు ముందు నిలబడింది. నోరు ఎక్కడా ఆగలేదు. మధ్యలో డిపార్ట్‌మెంట్ హెడ్ చెయ్యెత్తి, “అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు” అన్నాడు.

క్లాసంతా ఊపిరి బిగబట్టింది. శిల్పకు నవ్వొచ్చింది. ఈసారి ఇంకా తేలిక మాటల్లో, నాన్నకు చెప్పినట్టే చెప్పింది.

క్లాసు చప్పట్లు కొట్టింది. హెడ్ కూడా కొట్టాడు.

శిల్ప పరుగున సేవా కేంద్రానికి పోయింది. బెంచీమీద ఎవరూ లేరు. లోపల సూపరింటెండెంటు నాగసుబ్బయ్య ఫైళ్ళు కట్టలు కడుతున్నాడు.

“శిల్పవా? నీ కాగితం పనిచేసిందిలేమ్మా. కమిటీ రెండు మార్లొచ్చి చూసింది. రెండు మార్లూ కుర్చీ ఖాళీనే. కాంట్రాక్టు మనిషి కదా, నిన్న పనిలోంచి ఆపేసినారు.”

“మంచి పని చేసినారు సార్” అంది శిల్ప. “బయట కూచుండే ఆమె యాడికి పోయింది? ఆమెకు శానా చెప్పల్ల. పేరు గూడా అడగలేదు నేను.”

నాగసుబ్బయ్య చేతిలోని దారం వదిలేసి ఆ పిల్ల ముఖంలోకి చూశాడు.

“ఆఫీసరు ముందర పల్లె పిల్లోళ్ళు నోరిప్పరని, ఈ కుర్చీ వదిలి మూడేండ్లు ఆ బెంచీమీదే కూచునిందమ్మా రత్నమణి మేడం.”